తప్పొప్పుల పట్టిక

మధ్యాహ్నం అన్నాలకు బయటికొస్తుంటే గేటు దగ్గర సూదక్కను నిలబెట్టి, ఆమె అన్నం సంచిని నేలమీద బోర్లించారు. మేం నలభైమంది ఆడవాళ్ళం కళ్ళారా చూశాం. ఒక్కరమూ నోరు మెదపలేదు. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

సంచిలోంచి పడ్డవి చెడిపోయిన అచ్చు కాగితాలు. మసి అంటినవి, వంకరగా పడ్డవి, ఎలాగూ చిత్తు కింద పోయేవి. సూదక్క మా ప్రెస్సులో పుస్తకాలు కుడుతుంది. అవి ఎదురు మేడలో మా యజమానే నడిపే కోచింగ్ సెంటరు పుస్తకాలు. కాలేజీ ప్రవేశపరీక్షకు ఆమె కూతురు ఈ చిత్తు కాగితాలతోనే చదువుతోంది.

యజమాని వాటిని పరపరా చింపాడు.

"చదువు కావాలంటే ఫీజు కట్టు. లేదా ఏడాదిపాటు ఆదివారాలు ఊరికే పనిచెయ్. ఇదిగో కాగితం. సంతకం పెడితే పిల్లకు సీటిస్తా. రేపు చెప్పు."

అన్నాల దగ్గర ఒకటే గొడవ.

"పెట్టెయ్యవే, పిల్ల బాగుపడుతుంది" అంది జిగురు రాసే పెద్దమ్మ.

"ఇవాళ దీని ఆదివారాలు మింగుతాడు, రేపు మనందరివీ మింగుతాడు!" అన్నాను నేను.

సూదక్కకు ముద్ద దిగలేదు. "నాకు మాత్రం తెలీదా? 'ఫీజు కడదామా, వద్దా అమ్మా' అని రోజూ అడుగుతోందే అది. ఏం చెప్పను? పైగా వాళ్ళ పుస్తకంలో పదకొండు జవాబులు తప్పంటోంది. చదువురాని దాన్ని, నాకేం తెలుస్తుంది?"

ప్రూఫులు దిద్దే మాస్టారు తలెత్తాడు. "పిల్ల చెప్పింది నిజం. ఆ పదకొండూ అచ్చుకు ముందే చూపించాను. 'కొనేవాళ్ళకేం తెలుస్తుందిలే, వేసెయ్' అన్నాడు యజమాని."

సూదక్క కంచం పక్కకు నెట్టేసింది. "తప్పులు నేర్పినందుకు వాడికి నేను ఏడాది చాకిరీ చెయ్యాలా? వాడి పరువు వాడి పుస్తకంలోనే కుట్టేస్తా!"

మా పనిలో ఒక మర్యాద ఉంది. తప్పులు దొర్లితే పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక పెట్టాలి. ఆ మర్యాదే చేశాం. మాస్టారు రాశాడు. మిషనన్న చిత్తు కాగితాల వెనకవైపు అచ్చేశాడు. మేం మడిచాం, పెద్దమ్మ జిగురు రాసింది, సూదక్క కుట్టింది. వెయ్యి పుస్తకాలకూ.

మర్నాడు ఎదురు మేడలో ఫీజు కట్టడానికి తల్లిదండ్రులు బారులు తీరారు. పుస్తకాల కట్టలు మేమే మోసుకెళ్ళి వాళ్ళ చేతికందించాం. ఒక టైలరు చివరి పేజీ తెరిచి గట్టిగా చదివాడు. పదకొండు తప్పులు, పదకొండు ఒప్పులు. పన్నెండోది ఇది:

"అట్టమీద యజమాని ఫొటో కింద 'విద్యాదాత' అన్నచోట 'దొంగ' అని చదువుకోగలరు."

హాలంతా గొల్లున నవ్వింది. నిమిషంలో ఆ నవ్వు కేకలైంది. యజమాని మొహంలో నెత్తురుచుక్క లేదు. సూదక్క ముందుకెళ్ళి, నిన్న వాడు చింపినట్టే, వాడి కళ్ళముందే ఆ సంతకం కాగితాన్ని పరపరా చింపింది. నా కడుపు చల్లబడింది. దాచుకోవడమెందుకు? ఆ రోజు ఒక్కరూ ఫీజు కట్టలేదు.

పోలీసులొచ్చారు. "ఎవరు కుట్టింది?"

ఈసారి నలభై చేతులూ లేచాయి. అయినా సూదక్కనే వ్యానెక్కించారు. ఆమె కిటికీలోంచి, గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చిన కూతురికి వినపడేలా అరిచింది. "కట్టేది లేదే! చదువు!"

సాయంత్రానికి మిషన్లన్నీ ఆగిపోయాయి. మేం గేటు ముందు బైఠాయించాం. మాస్టారు అక్కడే నేలమీద చిత్తు కాగితాలు పరిచి పాఠం మొదలుపెట్టాడు. టైలరు తన కొడుకును తీసుకొచ్చి కూర్చోబెట్టాడు.

గేటుకు నోటీసు అంటించారు: "దొంగతనం చేసిన కుట్టుపనిమనిషిని తొలగించడమైనది."

సూదక్క కూతురు లేచింది. పెన్ను తీసి, 'దొంగతనం చేసిన' అన్న మాటలు కొట్టేసి, నోటీసు కింద గుండ్రటి అక్షరాలతో రాసింది:

"'తొలగించడమైనది' అన్నచోట 'చూసి జడిసిపోవడమైనది' అని చదువుకోగలరు."