రెండు అధ్యాయాల పండితుడు

గౌరీశంకర్ ఏ పుస్తకమూ పూర్తిగా చదివిన పాపాన పోలేదు. అమెరికా రాజధాని వాషింగ్టన్ పక్కనున్న హెర్న్‌డన్‌లో లైబ్రరీ నుంచి ప్రతి శనివారం మూడు పుస్తకాలు తెచ్చేవాడు. అమెరికా చరిత్ర ఒకటి, ప్రభుత్వం గురించి ఒకటి, బేస్‌బాల్‌ది ఒకటి. ఒక్కోదాంట్లో రెండేసి అధ్యాయాలు తిరగేసి, వారమంతా దొరికినవాళ్లందరికీ దంచేవాడు. భార్య సుధ అతనికి రెండు అధ్యాయాల పండితుడని పేరు పెట్టింది. కూతురు చరిత మాత్రం నోరు తెరుచుకుని వినేది. ఏడేళ్లప్పుడు తండ్రి వీసా మీద వచ్చిన పిల్ల, ఆ కబుర్లు వినీ వినీ, చదివిన స్కూల్లోనే హిస్టరీ టీచర్ అవుతానని కూర్చుంది.

2007 జులైలో ఒక విడ్డూరం జరిగింది. గ్రీన్‌కార్డ్ క్యూలో ఉన్నవాళ్లంతా అప్లై చేసుకోండన్న ప్రభుత్వం, రెండో తారీఖున వద్దు పొమ్మంది. ఆ క్యూలోనే ఉన్న వీళ్లకి అప్పటికే ఇండియా టికెట్లు బుక్ చేసి ఉన్నాయి. లాయర్లు కోర్టుకి వెళుతున్నారట, నాలుగు వారాలు ఆగి చూద్దామని సుధ బతిమాలింది. గౌరీశంకర్ నవ్వేశాడు.

"ఇక్కడి గవర్నమెంట్ ఒకసారి కాదంటే కాదే సుధా. పుస్తకాల్లో చదివాను."

ముగ్గురూ విమానమెక్కారు. పదిహేడున ప్రభుత్వం మాట మార్చి నెల రోజులు గడువిచ్చింది. అప్లై చేయాలంటే మనిషి అమెరికాలోనే ఉండాలి. చెన్నైలో వీసా స్టాంపింగ్‌కి ఇచ్చిన పాస్‌పోర్టులు సెప్టెంబర్‌కి గానీ చేతికి రాలేదు. తర్వాత తల బాదుకుని ఏం లాభం! కూతురు అడిగితే, తప్పంతా ప్రభుత్వానిదేనన్నాడు. తను ఆగమన్న సంగతి సుధ బయటపెట్టలేదు.

ఎనిమిదేళ్లు గడిచినా క్యూ కదల్లేదు. వచ్చే మంగళవారం చరితకి ఇరవై ఒకటి నిండుతాయి. నిండితే తండ్రి వీసా కింద ఉండే వీల్లేదు, ఆ క్యూలో తన చోటూ పోతుంది. 2007లో అప్లై చేసి ఉంటే, ప్రభుత్వం లెక్కలో ఆ పిల్ల వయసు అక్కడితో ఆగిపోయేది. పెరిగిన ఊళ్లోనే విదేశీ విద్యార్థిగా ఉండాలి. చదువయ్యాక ఎన్నాళ్లు ఉండనిస్తారో దేవుడికెరుక.

ఆదివారం మధ్యాహ్నం కూతుర్ని వాషింగ్టన్‌లో బేస్‌బాల్ ఆటకి తీసుకెళ్లాడు. ఆఖరి ఇన్నింగ్స్‌లో వాషింగ్టన్ జట్టు ఆరు పరుగులు వెనకబడింది, ఇద్దరు ఔటయ్యారు, మూడోవాడూ ఔటైతే ఆట అయిపోయినట్టే. జనం లేచి వెళ్లిపోతున్నారు.

"కూర్చో అమ్మా. ఈ ఆటకి టైమ్ అంటూ లేదు. చివరివాడు ఔటయ్యేదాకా ఏమైనా జరగొచ్చు."

చరిత కూర్చుని, టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. సుధ ఉండబట్టలేక నిన్న కూతురికి అంతా చెప్పేసిందని అతనికి తెలియదు.

"అమ్మ వెయిట్ చేద్దామంది కదా నాన్నా. నువ్వెందుకు చెయ్యలేదు?"

అతను పుస్తకంలో అలాగే ఉందని గొణిగాడు.

"ఏ బుక్ నాన్నా?"

వెక్కిరింపు కాదు. చిన్నప్పుడు అడిగినట్టే, తనూ తెచ్చుకుని చదువుతానన్నట్టే అడిగింది. గౌరీశంకర్ ఇన్నేళ్ల పుస్తకాలూ మనసులో తిరగేశాడు. ఆ మాట ఎందులోనూ లేదు. పెళ్లాం ముందు తగ్గడం ఇష్టంలేక అనేశాడంతే. అది చెబుదామని నోరు తెరిచేసరికి మూడోవాడు ఔటయ్యాడు, చరిత టోపీ పెట్టుకుని లేచింది.