హిల్మా కయాక్‌లో నీళ్ళు

హిల్మా కోర్టెలా కయాక్‌లోకి నీళ్ళు వస్తున్నాయి. ఒక్క మనిషి మీద కూర్చుని తెడ్డు వేసే, లోపలంతా డొల్లగా ఉండే ప్లాస్టిక్ పడవ అది. నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో ఆమెకు తెలియదు. ఎవరివల్ల వస్తున్నాయన్న దానికి మాత్రం మే నెల సగానికల్లా ఆమె మనసులో ఒక పేరు పడిపోయింది.

ఆ పేరు ఆర్మండ్ సిల్వేరా. ఆరేళ్ళుగా ఆమెకు తోడు వచ్చే మనిషి. డ్రిఫ్ట్ కోవ్‌లో ఎవరూ ఒంటరిగా సముద్రంలోకి దిగరు. అక్కడి నీళ్ళు నడివేసవిలో కూడా ఎముకలు కొరికేస్తాయి. బోల్తాపడ్డ మనిషికి కాసేపట్లోనే చేతులు కొయ్యబారిపోతాయి. అందుకని రెండు కయాక్‌లు కలిసి దిగాలి, కలిసి ఒడ్డెక్కాలి. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదుగానీ, దాన్ని తప్పినవాడితో మళ్ళీ ఎవరూ జతకట్టరు. హిల్మాకు అరవైమూడేళ్ళు. కుర్రవాళ్ళు కాళ్ళతో తొక్కే కొత్తరకం కయాక్‌లలో దూసుకుపోతారు, ఆమెకోసం ఆగరు. ఆర్మండ్ ఆగుతాడు. ఆర్మండ్ లేకపోతే ఆమెకు సముద్రం లేదు.

ముప్ఫై ఏళ్ళపాటు ఫ్యాక్టరీలో నిలబడి ఎవరెవరో పట్టిన చేపల్ని కోసిన మనిషి ఆమె. పని మానేశాక తన చేప తానే పట్టుకోవాలని కయాక్ కొనుక్కుంది, లింగ్‌కాడ్ వేటలో పడింది. సముద్రం అడుగున రాళ్ళ సందుల్లో పొట్ట ఆనించి పడుకునే చేప అది. తలంతా నోరే, నోరంతా పళ్ళే. సీసపు ఎరను అడుగుదాకా దించి, రాతికి తగిలీ తగలకుండా ఎగరేస్తూ ఉండాలి. అది పట్టిన మరుక్షణం పైకి లాగకపోతే సందులోకి దూరిపోతుంది, ఇక చేపా లేదు, ఎరా లేదు. బెల్ పాయింట్ అనే కొండకొన అవతల, సముద్రం అడుగున, హిల్మా తనంతట తాను కనిపెట్టుకున్న రాళ్ళ గుట్ట ఒకటి ఉంది. ఎవరి గుట్ట ఎక్కడో అడగడం ఆ తీరంలో మర్యాద కాదు. ఆమె గుట్ట సంగతి ఆర్మండ్‌కు ఒక్కడికే తెలుసు, పక్కనే ఉంటాడు కాబట్టి.

లింగ్‌కాడ్ వేటకు అనుమతి లేని చలికాలంలో ఆమె మణికట్టుకు ఆపరేషన్ అయింది. అప్పుడు ఆర్మండ్ ఆమె కయాక్‌ను తన షెడ్డుకు తీసుకుపోయి కొత్తగా అమర్చిపెట్టాడు. సీటు వెనక గాలపు కర్రలు నిలబెట్టే గొట్టాలు రెండు, ముందు సముద్రం లోతు చూపించే తెర, కుడిపక్కన చేపను పైకెత్తే కొక్కెం తగిలించుకునే పట్టీ. అన్నిటికీ డ్రిల్లుతో బెజ్జాలు వేసి, మరలు బిగించి, చుట్టూ జిగురు పూశాడు. ఆమె కళ్ళముందు వేసిన బెజ్జాలు కావవి. అప్పుడు ఆ సంగతి ఆమెకు పట్టలేదు.

ఆమె కూడా ఆ చలికాలంలోనే పాతసామాన్లు అమ్మేచోట ఒక రెండు చక్రాల బండి కొన్నది. కూర్చునేచోట పడ్డ నీళ్ళు కారిపోవడానికి కయాక్‌కు పైనుంచి కిందిదాకా గొట్టాల్లాంటి బెజ్జాలుంటాయి. ఆ బండికున్న రెండు కడ్డీల్ని వాటిలో దూర్చేస్తే చాలు, మంచుపెట్టె, చేపలు, తడిబట్టలు అన్నీ మీదే ఉంచి గులకరాళ్ళ మీద బరబరా ఈడ్చుకుపోవచ్చు. బెల్టులు కట్టే తిప్పలు లేవు.

ఏప్రిల్లో మొదటి వేటనాడు ఒడ్డెక్కి, వెనక ఉన్న బిరడా తీస్తే డొల్లలోంచి చెంబెడు నీళ్ళు వచ్చాయి. తరవాతి వారం బకెట్టెడు. ఎరల కొట్టు నడిపే జోలీన్ గుమ్మంలో నిలబడి చూసి, "ఏంటి కెప్టెన్, సముద్రాన్ని కొంచెం కొంచెంగా ఇంటికి మోసుకుపోతున్నావా?" అంది.

అందరూ నవ్వారు. ఆర్మండ్ నవ్వలేదు. ఆ పూటనుంచే ఆమె కన్ను అతనిమీద పడింది.

చూసేకొద్దీ చూడవలసినవి కనబడసాగాయి. ఇదివరకు ముందు అతను, వెనక ఆమె. ఇప్పుడతను ఎప్పుడూ ఆమె వెనకే ఉంటున్నాడు. తల తిప్పి చూస్తే అతని చూపు ఆమె ముఖంమీద ఉండదు, కయాక్ తోకమీద ఉంటుంది. ఒడ్డెక్కగానే, ఆమె ఇంకా బిరడా మీద చెయ్యి వేయకముందే, "లోపల పొడిగానే ఉందా?" అని అడుగుతాడు. మామూలు గొంతుతోనే అడుగుతాడు. ఆ మామూలుతనమే ఆమెకు నచ్చలేదు.

నీళ్ళు ఎందుకు వస్తున్నాయని తనే అడిగేస్తే తీరిపోయేది. కానీ అడిగితే జాగ్రత్తపడతాడని ఊరుకుంది.

ఒకరోజు జోలీన్ కాఫీ పోస్తూ, ఆర్మండ్ మళ్ళీ జిగురు గొట్టం కొన్నాడని, ఒక వింత ప్రశ్న కూడా వేశాడని చెప్పింది. డొల్లలో ఎన్ని నీళ్ళు చేరితే కయాక్ తిరగబడుతుందో ఎవరికైనా లెక్క తెలుసా అని అడిగాడట.

"ఎవరి కయాక్ అని అడిగావా?"

"అడిగాను. ఊరికే, తెలుసుకుందామని అన్నాడు."

హిల్మా కాఫీ ముట్టుకోలేదు. గుట్ట గుర్తుకొచ్చింది. తను సముద్రం మానేస్తే ఆ గుట్ట ఎవరిదవుతుంది? ఆరేళ్ళ స్నేహం ఒక రాతికుప్ప కోసమా అని ఒకసారి అనుకుంది. మనుషులు అంతకన్న చిన్నవాటికోసం ఏమేం చేస్తారో ఫ్యాక్టరీలో చూసింది కదా అని వెంటనే అనుకుంది.

కయాక్‌లన్నీ జోలీన్ కొట్టు వెనక చట్రంమీద ఉంటాయి. శుక్రవారం సాయంత్రం హిల్మా గాలపుదారం తుంపు ఒకటి తెంచి, తన కయాక్ మీద, డొల్లలోకి చెయ్యి పెట్టడానికున్న మూత అంచున ఎవరికీ కనబడకుండా ఇరికించింది. మూత తెరిస్తే ముక్క రాలిపోవాలి. శనివారం పొద్దున వచ్చి చూస్తే ముక్క గులకరాళ్ళమీద ఉంది. మూత బిగించే ఉంది. లోపల చెయ్యిపెట్టి చూసింది. కిందటివారం ఆమె ఒంచాక ఎప్పుడూ అడుగున మిగిలే తడి కూడా లేదు. ఎవరో గుడ్డపెట్టి తుడిచారు. నీళ్ళు కనబడితే నేను దిగనని తుడిచాడు, అనుకుంది.

ఆ మాట జోలీన్‌తో అనేసింది. ఆర్మండ్ తన కయాక్‌ను కావాలని పాడుచేశాడని, తనను ముంచాలని చూస్తున్నాడని అంది. జోలీన్ చెవిలో పడ్డ మాట కాఫీ చల్లారేలోపు ఒడ్డు ఒడ్డంతా తిరుగుతుందని తెలిసే అంది.

మరి ఆ పూటే అతనితో ఎందుకు దిగిందంటే, సముద్రం అద్దంలా ఉంది. అలాంటి పొద్దు ఆ తీరంలో నెలకొకటి వస్తే గొప్ప. పైగా అతను ఏదైనా చేస్తుంటే అప్పటికప్పుడు పట్టుకోవాలన్న పంతం కూడా ఉంది.

గుట్టమీదికి చేరి ఎర దించింది. రెండోసారికే చిన్న ఎర్ర రాతిచేప ఒకటి పడింది. సగం దూరం లాగేసరికి కర్ర ఒక్కసారిగా విల్లులా వంగింది. ఏం జరిగిందో ఆమెకు తెలుసు. పైకి వస్తున్న చిన్నచేపను లింగ్‌కాడ్ అడ్డంగా కరుచుకుంది. గాలం దాని నోట్లో ఉండదు. తన మొండితనమే దానికి గాలం. మెల్లగా లాగుతున్నంతసేపూ వదలదు, తల నీళ్ళపైకి వచ్చిందా, నోరు తెరిచి వెళ్ళిపోతుంది. నీళ్ళలో ఉండగానే కొక్కెం వెయ్యాలి. రెండు చేతులా కర్ర పట్టుకుని హిల్మా ఊపిరి బిగబట్టి లాగింది. ఆకుపచ్చటి నీళ్ళలో గోధుమరంగు మచ్చల ఒళ్ళు తేలింది. ఆమె చెయ్యంత పొడుగుంది.

అప్పుడే కుడిపక్కనుంచి ఒక కొక్కెం చప్పుడు లేకుండా దిగింది. చేప లేచింది. లేచి ఆర్మండ్ కయాక్‌లో పడింది.

"అది నాది," అంది హిల్మా.

"నీదే. నా దగ్గర ఉండనీ. నీ తోక నీళ్ళలోకి దిగిపోతోంది, ఇంకో బరువు ఆగదు. పద, ఒడ్డుకు పోదాం. తాడు ఇలా వెయ్యి, లాక్కెళ్తాను."

ఆమె వెనక్కి చూసింది. నిజమే, తోకమీద నీళ్ళు ఆడుతున్నాయి. కాలు కదిపితే డొల్లలో గలగలమంటోంది. ఆ చప్పుడు వింటూ ఆమె అడిగింది.

"నా మూత ఎవరు తెరుస్తున్నారు, ఆర్మండ్?"

అతను చేపను తొక్కిపట్టి ఉన్నాడు.

"నేనే," అన్నాడు. "ఆ బెజ్జాలు నేను వేసినవే."

ఆమెకు ఇక వినవలసింది లేదనిపించింది. తాడు వెయ్యలేదు. తెడ్డు తీసుకుని ఒడ్డువైపు తిప్పింది. అతను ఏదో అనబోతే, దగ్గరికి రావద్దని, వస్తే తెడ్డుతో కొడతానని చెప్పింది. అతను రాలేదు. పది కయాక్‌ల దూరంలో వెనకే వచ్చాడు. మైలు పొడుగునా ఆమె ముందుకు ఎంతసేపు చూసిందో, వెనక్కి అంతసేపు చూసింది. ఆ బరువుతో తెడ్డు వేసి వేసి, ఆపరేషన్ చేసిన మణికట్టు మంటెత్తింది. ఒడ్డు దగ్గర ఆఖరి కెరటం కయాక్‌ను అడ్డం తిప్పింది. మోకాటిలోతు నీళ్ళలో పడింది. ఆర్మండ్ దూకి వచ్చి చెయ్యి చాపాడు.

"ముట్టుకోకు," అంది. ఒడ్డున నలుగురున్నారు. నలుగురూ విన్నారు.

కయాక్‌ను పక్కకు ఒరిగించి బిరడా తీస్తే నీళ్ళు పోతూనే ఉన్నాయి. అందరూ చూడాలి, తేలిపోవాలి అంది హిల్మా. జోలీన్ కొట్టులోంచి గాలి ఊదే యంత్రం తెచ్చి బిరడా బెజ్జంలో దాని గొట్టం పెట్టింది. ఒకతను బకెట్లో సబ్బు కలిపి గుడ్డతో అంతటా పూశాడు. ఎక్కడ కన్నముంటే అక్కడ బుడగ లేస్తుంది. హిల్మా తిన్నగా గాలపు గొట్టాల దగ్గర కూర్చుంది. ఒక్కో మరచుట్టూ వేలితో సబ్బు రాసింది. బుడగ లేదు. తెర దగ్గర లేదు. పట్టీ దగ్గర లేదు.

"తిరగెయ్యండి," అన్నాడు ఆర్మండ్. అతని గొంతులో కూడా ఆశ్చర్యమే ఉంది.

తిరగేశారు. సీటు కింద, నీళ్ళు కారిపోయే బెజ్జాల్లో ఎడమవైపు దాని లోపలినుంచి నురుగు బుసబుసా పొంగింది. జోలీన్ వేలు పెట్టి చూసింది. లోపలి గోడ గీసుకుపోయి, చుట్టూ చీలిక పాకి ఉంది. రెండోదాంట్లో కూడా చీలిక మొదలైంది. రెండింటి మధ్య దూరం ఎంతో, పక్కన పడున్న బండి కడ్డీల మధ్య దూరం అంత. బరువంతా పైన పెట్టి గులకరాళ్ళమీద ఈడ్చినప్పుడల్లా ఆ కడ్డీలు లోపల కుళ్ళగిస్తూనే ఉన్నాయన్నమాట.

జోలీన్ యంత్రం ఆపింది.

ఆర్మండ్ తుడుచుకుంటున్న చేతులవంక చూస్తూ చెప్పాడు. నీళ్ళు తన డ్రిల్లువల్లే వస్తున్నాయనుకున్నాడట. వారంవారం తెల్లవారకముందే వచ్చి మూత తీసి, నీళ్ళు తుడిచి, మరలకు మళ్ళీ జిగురు పెట్టి పోయేవాడట. ఎన్ని నీళ్ళదాకా భయం లేదో తెలియక ఆ ప్రశ్న అడిగాడట. పని చెడగొట్టానని చెప్పడానికి నోరు రాలేదన్నాడు.

"చెప్పి ఉండాల్సింది," అంది హిల్మా. "నాకు చెప్పకుండా ఆ నీళ్ళమీద నన్ను తిప్పావు."

"చెప్పి ఉండాల్సింది. అది నా తప్పే," అన్నాడు. "పనిలో పొరబాటు చేశానని నేననుకున్నాను. నిన్ను చంపాలనుకున్నానని నువ్వనుకున్నావు. రెండూ ఒకటి కాదు హిల్మా."

ఆమె చేపను ఆమె మంచుపెట్టెలో పెట్టి వెళ్ళిపోయాడు.

బుధవారం ఆమె అతని షెడ్డుకు వెళ్ళింది. క్షమించమంది. అతను సరే అన్నాడు. కయాక్ దింపించుకుని, ప్లాస్టిక్ ముక్క కరిగించి రెండు చీలికలూ అతికిపెట్టాడు. అతికినచోట గోరుతో గీసి చూసుకున్నాడు. తరవాత, వచ్చే శనివారం ఇద్దరు కుర్రవాళ్ళతో దిగుతున్నానని, ఆమెను తోడుకు ఇంకెవరినైనా చూసుకోమని చెప్పాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆమె ఏదో ఒకటి అనగలిగేది.

శనివారం పొద్దున ఆమె ఊరికే ఒడ్డుకు వచ్చింది. కెరటాలు కాస్త పెద్దగానే ఉన్నాయి. కుర్రవాళ్ళిద్దరూ అప్పటికే తొక్కుకుంటూ దాటిపోయారు. ఆర్మండ్ ఒక్కడే కయాక్ ముక్కు నిలవక, ఎక్కబోయి రెండుసార్లు దిగాడు. హిల్మా బూట్లతోనే నీళ్ళలోకి నడిచి ముక్కును రెండు చేతులా పట్టుకుంది. అతను ఆమెవంక చూశాడు. వద్దనలేదు. ఎక్కి కూర్చుని, తెడ్డు సరిచూసుకుని, ముందున్న కెరటం వెళ్ళిపోయేదాకా ఆగాడు.

"ఇప్పుడు," అన్నాడు.

ఆమె వదిలింది.