ఎడమచేతి వైపు మణిగోడ

"ఒక్కర్తే వచ్చింది చూడు, ఒక్కర్తే!" అని మా ఆయన ఉర్గ్యన్ మూడోసారి అనేసరికి నేను పొయ్యిలోకి పిడకలు ఎగదోస్తున్నాను. పూణే నుంచి సొంత కారేసుకుని వచ్చిన శర్వరిని పొయ్యికి దగ్గరగా, వరుసలో అందరికంటే పైన కూర్చోబెట్టాడు. మా ఇళ్లల్లో వరుస తప్పి ఎవరూ కూర్చోరు. పెద్దవాళ్లు పైన, ఆడవాళ్లు గుమ్మం దగ్గర. వండి వడ్డించేదానికి కూర్చునే పనే ఉండదు కాబట్టి చోటు గురించి గొడవే లేదు.

"భయం వెయ్యలేదా మేడమ్? ఈ కొండల్లో మగ డ్రైవర్లకే చెమటలు పడతాయి," అన్నాడు ఉర్గ్యన్. మా అత్తగారు కూడా బోసినోరు తెరిచి, "శభాష్ తల్లీ, ఆడపిల్లంటే అలా ఉండాలి," అంది. నాకు ఒళ్లు మండిపోయింది. రెండేళ్ల కిందట నేను బండి తీసుకుని లేహ్ వెళ్లొస్తానంటే ఇదే అత్తగారు, "కొంపలో నీకు పని లేదా?" అంది. ఇదే మొగుడు, "నీకు లైసెన్సు తీయించింది పొలానికి ఎరువు తోలడానికి. రోడ్డెక్కితే టాక్సీవాళ్లు నన్ను చూసి నవ్వుతారు," అన్నాడు. అప్పటినుంచి బార్లీ చేనుకీ ఇంటికీ మధ్య తిప్పుతూనే ఉన్నాను ఆ పికప్పు. ఒకళ్లూ శభాష్ అనలేదు. శర్వరి కప్పులో ఉప్పు టీ ఒక గుక్క తగ్గినప్పుడల్లా నింపుతున్నాను. ఆ రుచి ఆమెకి పడటం లేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. అయినా నిండా పోశాను. కుళ్లంటే కుళ్లే, దాచుకోవడం దేనికి?

తెల్లారేసరికి మంచు ముంచెత్తింది. కనుమ దాటి లేహ్ వైపు దిగాల్సిన శర్వరి స్టీరింగ్ ముందు కూర్చుని, ఈ మంచులో తన వల్ల కాదని దిగిపోయింది. సాయంత్రానికి ఆమె విమానం. కారుని లేహ్ నుంచి లారీలో పూణే పంపించేస్తుందట. "నేను దాటిస్తా మేడమ్," అన్నాడు ఉర్గ్యన్. ఆమె కారు తను నడిపితే, తిరిగి రావడానికి మా పికప్పు వెనకే రావాలి. ఊళ్లో మిగతా డ్రైవర్లంతా కనుమ అవతలే చిక్కుకుపోయారు. ఉర్గ్యన్ అటూ ఇటూ చూసి, చివరికి నన్ను చూశాడు.

"నా చక్రాల గుర్తుల్లోనే రా. సొంత తెలివి వాడకు," అన్నాడు.

అలా మొదటిసారి రోడ్డెక్కాను. వైపర్లు మంచుని తోసీ తోసీ ఆగిపోయేవి. కిటికీ దింపి, తల బయటపెట్టి, మొహాన సూదుల్లా గుచ్చే గాలిలో నడిపాను. ఓ పక్క లోయ ఎక్కడ మొదలవుతుందో కూడా కనిపించదు. ఎదురుగా ముందు కారు అద్దంలోంచి రెండు తలలు. మాటిమాటికీ ఆయన తల ఆమె వైపు తిరుగుతోంది. ఏదో చెబుతున్నాడు, ఆమె నవ్వుతోంది. ఇంట్లో నాతో ఆయన మాట్లాడేది ఉప్పు తక్కువైనప్పుడే. నా మొగుడిని ఆమె ఎత్తుకుపోతుందని కాదు నా ఏడుపు. ఆ మాటలు, ఆ మెచ్చుకోలు నావి. దారి తప్పి ఆ కారులోకి పోయాయి.

కనుమ పైన మంత్రాల జెండాల దగ్గర ఆగి, దేవుళ్లకి జై కొట్టాం. శర్వరి దిగి ఫోను చాచి పట్టుకుంది. "ఇంత మంచులో, ఒంటరి ప్రయాణం!" అని ఫోనుతో చెప్పి, నావైపు తిరిగి, "దీదీ, కొంచెం పక్కకి జరుగుతారా, వీడియోలో పడుతున్నారు," అంది. జరిగాను. జరగడం నాకు బాగా అలవాటు.

దిగుతుంటే దారి మధ్యలో మణిగోడ వచ్చింది. మంత్రాలు చెక్కిన రాళ్లని తాతల కాలం నుంచి పేర్చుకుంటూ వచ్చిన గోడ. రోడ్డు దానికి రెండువైపులా చీలి మళ్లీ కలుస్తుంది. గోడ ఎప్పుడూ మన కుడిచేతి వైపే ఉండాలి. మా అత్తగారి మేకలు కూడా ఆ పద్ధతి తప్పవు. ఉర్గ్యన్ కళ్లు మూసుకున్నా అటే తిప్పుతాడు. తిప్పాడు. గాలికి కొట్టుకొచ్చిన మంచంతా అటే పేరుకుని ఉంది. కారు తలుపుల దాకా కూరుకుపోయింది.

"వెనకే రా! నీ బండితో నెట్టు!" అని అరుస్తున్నాడు కిటికీలోంచి.

వెనకే వెళ్తే నేనూ కూరుకుపోతాను. గోడకి రెండోవైపు గాలి మంచునంతా ఊడ్చేసి కంకర తేలి ఉంది. ఎదురుగా ఏ బండీ రావడం లేదు. కానీ అటు వెళ్తే గోడ ఎడమచేతికి వస్తుంది. తప్పు క్షమించమని గోడకి దణ్ణం పెట్టి, ఆయన గుర్తుల్లోంచి బండి బయటికి లాగి, అటే పోనిచ్చాను. చుట్టి వచ్చి వాళ్ల ముందు ఆపి తాడు విసిరాను. ముడి వేయడానికి శర్వరి వేళ్లు పనిచేయలేదు. నేనే వేశాను. ఒక్కో అంగుళం లాగితే కారు గట్టి నేల మీదికొచ్చింది.

ఉర్గ్యన్ మొదటి మాట: "అటునుంచి వచ్చావా? పాపం మూటగట్టుకున్నావు కదే!"

కింద టీ డేరా దగ్గర డ్రైవర్లు మూగారు. శర్వరి నా చేతులు పట్టుకుని దీదీ, దీదీ అని ఏడ్చేసింది. కళ్లు తుడుచుకున్నాక మళ్లీ ఫోను తీసి, "దాటేశాను, ఒంటరిగా!" అంది. పక్కనే ఉన్నా నాకు కోపం రాలేదు. కుళ్లు మాత్రం ఇంకా పెరిగింది. చేయని పనిని అంత ధైర్యంగా చేశానంటోంది. చేసిన పని చెప్పుకోవడానికి నాకు నోరు రావడం లేదు. ఆమె దగ్గర నిజంగా కాజేయాల్సింది ఏదైనా ఉంటే ఆ నోరే. అక్కణ్నుంచి మంచు లేని దారి కాబట్టి, ఆమె తనే కారు నడుపుకుంటూ విమానానికి వెళ్లిపోయింది.

"వదినా, నువ్వే నడుపుకొచ్చావా?" అన్నాడు డేరా అతను.

"అదేముంది, నా గుర్తుల్లో నా వెనకాలే వచ్చింది," అన్నాడు ఉర్గ్యన్.

"వెనకాల రాలేదు," అన్నాను. గొంతు నాదేనా అనిపించింది. "ఈయన కూరుకుపోయాడు. నేను మణిగోడకి రెండోవైపు నుంచి వచ్చి బయటికి లాగాను. ఒక్కదాన్నే."

ఎవరూ నవ్వలేదు. ఒకతను టీ కింద పెట్టేశాడు. ఉర్గ్యన్ తాళాల కోసం చెయ్యి చాపాడు. "సర్లే, పద. ఇంటికి నేను నడుపుతా."

"నువ్వు వీళ్లెవరి బండిలోనైనా రా," అని ఎక్కి తలుపేసుకున్నాను.

కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "మళ్లీ ఆ గోడకి అటువైపు నుంచే పోతావా?"

"అటే పోతా. ఎక్కేవాళ్లకి గోడ కుడిచేతికి వచ్చేది అటే, అదే సరైన వైపు."