కాకి పెట్ట పిల్లలకి అమ్మవారు

ఆ ఏడు ఆశ్వయుజంలో అంతర్వేదిలో కోళ్ళకి అమ్మవారు పోసింది. దేశంలో మశూచి ఇక లేదని రేడియోలో చెప్పి రెండేళ్ళయింది గాని, కోళ్ళ సంగతి రేడియోవాళ్ళు ఎత్తలేదు. వరహాలమ్మ నల్లటి కాకి పెట్ట పిల్లలు పదకొండూ గుప్పెడంత ఎదిగాయో లేదో, ముక్కుల పక్కనా కళ్ళ చుట్టూ మిరియాల్లాంటి పొక్కులు లేచాయి.

ఆ పెట్టని ఆమె పుట్టింటి నుంచి పడవలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. పోయినేడు కొక్కెర తెగులు దొడ్లో కోళ్ళన్నిటినీ ఊడ్చేస్తే మిగిలింది అదొక్కటే. వల మొగుడిది, ఇల్లు అత్తగారిది. ఇది నాది అని వరహాలమ్మ చెప్పుకోగలిగింది ఆ పెట్టనీ దాని పిల్లల్నీ మాత్రమే.

అత్తగారు సత్యనారాయణమ్మకి భక్తి ఎక్కువ, మొండితనం అంతకన్నా ఎక్కువ. కోళ్ళ గంపకి వేపమండలు కట్టింది. ఇంట్లో తాలింపు వద్దంది, చేప అసలే వద్దంది. గంప ముందు ఆకులో పెరుగన్నం పెట్టి, "ఎవరూ చెయ్యి పెట్టకండి, తల్లికి కోపం వస్తాది" అని తేల్చేసింది. అంతటి చేపల వాళ్ళింట్లో మూడు రోజులుగా పులుసు లేదు. వరహాలమ్మ మొగుడు అప్పలరాజు పచ్చిమిరపకాయ కొరుక్కుని చద్దన్నం తిని, కిక్కురుమనకుండా వేటకి పోయాడు. తల్లికి ఎదురుచెప్పే ధైర్యం అతనికి సముద్రం మీద కూడా లేదు.

మూడు రోజుల్లో నాలుగు పిల్లలు పోయాయి. "తల్లి తీసుకుపోయింది" అంది అత్తగారు.

నాలుగోనాటి పొద్దున్న వరహాలమ్మ గంప ఎత్తి చూసింది. పొక్కులు కళ్ళని మూసేశాయి. ఒక పిల్ల అన్నం ఆకు పక్కనే నిలబడి నేలని పొడుస్తోంది. ఆకుకి బెత్తెడు దూరంలో వట్టి మట్టిని టక్కుటక్కుమని పొడిచి, ఏమీ దొరక్క, మళ్ళీ పొడిచింది. ఆమె గబుక్కున దాన్ని చేతిలోకి తీసుకుని మెడ కింది తిత్తి తడిమింది. గింజైనా లేదు, ఖాళీ సంచిలా అంటుకుపోయింది. దాని రోగం సంగతి తరవాత, ముందు అది ఆకలితో చస్తోంది. ఆమెకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"అత్తా! వీటిని తల్లి తీసుకుపోలేదు. కళ్ళు కనపడక తిండిలేక పోయేయి."

"ముందు దాన్ని కింద పెట్టవే! మైల చేతుల్తో ముట్టుకుంటావా?"

వరహాలమ్మ పెట్టలేదు. కాపరానికొచ్చిన ఆరేళ్ళలో అత్తగారి మాట కాదనడం అదే మొదలు.

"మీ అబ్బాయి మొహం నిండా ఆ మచ్చలున్నాయి కదా. చిన్నప్పుడు ఆయనకి అమ్మవారు పోసి కళ్ళు మూసుకుపోతే, గుమ్మంలో అన్నం పెట్టేసి ఊరుకున్నావా అత్తా?"

సత్యనారాయణమ్మ మెల్లగా అంది: "పదకొండు రోజులు. ఒళ్ళోంచి దింపలేదు. వేలు ముంచి గంజి నాకించేను."

ఆవిడ లోపలికి వెళ్ళి, పొయ్యి మీద గంజి పెట్టి, పాత పంచె చింపి మెత్తటి గుడ్డలు తెచ్చింది. గోరువెచ్చటి ఉప్పునీళ్ళతో కోడలు కళ్ళు తడిపి తుడిస్తే, అత్తగారు వేపాకూ పసుపూ కొబ్బరినూనెలో నూరి పొక్కులకి రాసింది. ఆనక ముక్కు పక్కన ఒక్కొక్క చుక్కే గంజి జార్చారు. ఏడు పిల్లలకి ఒక పూట పట్టింది. మధ్యాహ్నానికి మళ్ళీ మొదలు.

మర్నాడు పశువుల ఆసుపత్రి కాంపౌండరు కామరాజు సైకిలు మీద వస్తే, వరహాలమ్మ ఆపి చూపించింది.

"బాగా చేసేరండీ," అన్నాడాయన. "దీనికి విరుగుడు మందు లేదండీ. పొక్కులు గిల్లకండి, అవే రాలతాయి. కళ్ళు తుడుస్తా, మేత పెడతా ఉండాలంతే. దోమలు మోసుకొచ్చే జబ్బండీ ఇది. సాయంత్రం పొగెయ్యండి, వీటిని మంచి కోళ్ళతో కలపకండి. రోగం తగలని కోళ్ళకి నేను టీకా ఏస్తాను, పేటలో చెప్పండి."

"తల్లి పంపిందానికి సూదేటండీ?" అంది సత్యనారాయణమ్మ, పట్టు పూర్తిగా వదలక.

"గాల్లో దీపం పెట్టి దేవుడా నీదే భారం అంటే ఆ తల్లి మాత్రం ఏం చేస్తాదండీ? చెయ్యి అడ్డం పెట్టాలి కదండీ."

"ఆయ్," అంది ఆవిడ. ఆ సాయంత్రమే గడపగడపకీ తిరిగి, "కోళ్ళని గంపల కింద కమ్మి ఉంచండి, పొద్దున్నే సూదులాయన వస్తారు" అని చెప్పొచ్చింది. వద్దన్నవాళ్ళని తిట్టి మరీ ఒప్పించింది.

తొమ్మిదోనాడు అత్తగారి ఒళ్ళో ఉన్న పిల్ల కంటి మీది చెక్కు రాలింది. కుడికన్ను కొంచెంగా తెరుచుకుంది. అది అటూ ఇటూ చూసి, ఆవిడ వేలికి అంటుకున్న మెతుకుని గురిచూసి పొడిచింది.

వరహాలమ్మ చప్పట్లు కొట్టి నవ్వింది. అత్తగారు నవ్వలేదు. పొడిపించుకున్న వేలు అలాగే చాపి ఉంచింది, కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

"మా అప్పలరాజుకీ కుడికన్నే ముందు తెరుచుకుందే," అంది. "తెరవగానే నా మొహమే చూసేడు."