తుపాకికి పసుపు

నా రాతలో ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించండి, యాభై దాటాక పలక పట్టినదాన్ని, ఒక్కో మాటా కూడబలుక్కుని రాస్తాను, చెయ్యి నెమ్మది, అయితే నేను చెప్పబోయే అనసూయ మనసు ఆ పూట నెమ్మదిగా లేదు, అది ఎలా పరుగెత్తిందో అలాగే రాయాలని నా ప్రయత్నం.

స్టెప్నీకి కూడా నిమ్మకాయ పెట్టాలేమో, నాలుగు చక్రాలకి నాలుగే తెచ్చింది, వెనక తలుపుకి తగిలించిన ఐదో చక్రం సంగతే తట్టలేదు, అదీ చక్రమే కదా, దానికి మాత్రం దిష్టి తగలదా అనుకుంటూ అనసూయ ఒళ్లోని పళ్లాన్ని రెండు చేతులా పట్టుకుంది, జిప్సీ గుడివాడ దాటి నందివాడ రోడ్డెక్కింది, గుంటలో పడి లేచినప్పుడల్లా పళ్లెంలో కొబ్బరికాయ అటూ ఇటూ దొర్లుతోంది, బండి నడుపుతున్న భర్త గోవర్ధనరావు భుజాలు మాత్రం కదలడం లేదు, ఇంట్లో కుర్చీలో కాసేపు కుదురుగా కూర్చోలేని మనిషి, స్టీరింగు చేతికొస్తే చాలు ఒళ్లంతా నిలకడ వచ్చేస్తుంది, పక్క సీట్లో పండగ కోసం బందరు నుంచి వచ్చిన స్నేహితుడు ధర్మారావు, ఆయన మోకాళ్ల మధ్య మూతి పైకి పెట్టి నిలబెట్టిన తుపాకి, దాని రెండు గొట్టాలకీ పసుపు, పసుపు మీద కుంకుమ బొట్లు, మెడలో బంతిపూల దండ, పెళ్లికూతురిలా ఉంది బావా అని ధర్మారావు మురిసిపోతున్నాడు, ఆ పెళ్లికూతురి నోట్లో ఏముందో అనసూయ ఒక్కదానికే తెలుసు.

పసుపు వినాయకుణ్ణి చెయ్యగా మిగిలిన ముద్ద, అంతే, పొద్దున ఆయన స్నానానికి వెళ్లినప్పుడు రెండు గొట్టాల్లోనూ కూరి గరిటె కాడతో లోపలికి గట్టిగా అదిమింది, పైన మామూలుగా పసుపు రాసి బొట్లు పెట్టింది, దసరా పూట ఆయుధానికి రాసిన పసుపు సాయంత్రం దాకా ఎవరూ తుడవరు, ఆయన వచ్చి దండం పెట్టుకుని, కుంకుమ అద్దిన రెండు తూటాలూ వెనక వైపు నుంచి దోపి టక్కుమని మూశాడు, గొట్టంలోకి చూడలేదు, ఎప్పుడూ చూడడు, పూజ చేసిన వస్తువుని ఆ పూట ఒకసారి వాడాలి, బండిని నిమ్మకాయల మీద నుంచి పోనివ్వాలి, తుపాకిని చేపల చెరువు గట్టు మీద ఆకాశంలోకి పేల్చాలి, కొన్నప్పటినుంచీ అదే ఆనవాయితీ, ఇవాళ పేలదు, తుస్సుమంటుంది, ఆయనకి చిరాకేస్తుంది, అటక మీద పారేస్తాడు, పాడైన వస్తువు మీద ఆయనకి ప్రేమ నిలవదు, ఇన్నేళ్ల కాపురంలో అది ఆమె కళ్లారా చూసిన సంగతి, కాంటెస్సా కారుని తన చేత్తో తుడవందే అన్నం తినేవాడు కాదు, ఇంజను మొరాయించిన రోజు నుంచి అది గొడ్లపాక పక్కన పట్టా కప్పుకుని పడి ఉంది, ఆ తర్వాత సింగపూరు నుంచి తెప్పించిన రిమోట్ కార్లు, పిల్లలాడుకునేవి కావు, లోపల నిజం ఇంజను, సీసాల్లో వచ్చే ప్రత్యేకమైన ఆయిలు, తేనెతుట్టె కదిలినట్టు రొద, ఆ డబ్బుతో ఇంకో చెరువు తవ్వించొచ్చని మరిది గొణిగేవాడు, ఈయనా ధర్మారావూ మంగినపూడి బీచిలో తడి ఇసక మీద పందేలు వేసుకునేవాళ్లు, ఓ సాయంత్రం ఆమె చేతికి రిమోట్ ఇచ్చి, వెనక నుంచి ఆమె వేళ్ల మీద తన వేళ్లు పెట్టి, కుడికి, ఇప్పుడు ఎడమకి, చూశావా నీ మాట ఎలా వింటుందో అన్నాడు చెవిలో, ఆ ఎర్ర కారు అలల అంచున నీళ్లు చిమ్ముకుంటూ వంపు తిరిగింది, తన మాట వినేది ఈ లోకంలో ఒకటుందని ఆవేళ అనిపించింది, తర్వాత అది చెరువులో మునిగింది, చెరువుల కావలి సత్తయ్య దిగి తీసినా స్టార్టు కాలేదు, ఆయన మళ్లీ దాని వంక చూడలేదు, చేపలు తినే నీటికాకుల్ని తోలుకోవాలని చెప్పి తుపాకి లైసెన్సుకి పెట్టాడు, కాకుల కోసమా, ధర్మారావుకి ఒకటి ఉంది గనక.

గొట్టం శుభ్రం చేయిస్తున్నావా బావా అంటున్నాడు ధర్మారావు, మా కైకలూరు స్నేహితుడొకడు తుపాకిని షెడ్డులో తగిలించి వదిలేశాడు, కందిరీగ దూరి మట్టిగూడు కట్టింది, వీడు చూసుకోకుండా పేల్చాడు, బయటికి పోయే దారి లేదు కదా, గొట్టం అరటిపువ్వులా విచ్చుకుంది, మనిషి దక్కాడనుకో, కన్నూ ఎడం చేతి వేళ్లూ దక్కలేదు, విన్నావా చెల్లెమ్మా అని వెనక్కి తిరిగాడు, నా తుపాకిలో దూరడానికి కందిరీగకి ఎన్ని గుండెలు అని గోవర్ధనరావు గేరు మార్చాడు, ఇద్దరూ నవ్వుకున్నారు, పళ్లెంలోంచి కొబ్బరికాయ జారి కాళ్ల దగ్గర పడింది, అనసూయ దాన్ని పట్టుకోలేదు, అరటిపువ్వు, ఒక్కో రేకూ వెనక్కి విరుచుకుని, లోపల ఎర్రగా, మొన్ననే వండింది, వేళ్లకి జిగురు అంటకుండా నూనె రాసుకుని ఒలిచింది, చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి, ఏవండీ అంటే చాలు, ఏవండీ అనేది రోజుకి ఎన్నిసార్లు అంటుంది, బండి నడిపేటప్పుడు చెప్తే ఉలిక్కిపడి బ్రేకు తొక్కుతాడు, ఆ కుదుపుకి అది ఇక్కడే పేలిందంటే, వంతెన దాటాక చెప్తాను, పండగ పూట ఆ మాట ఎలా అనడం, అదీ ధర్మారావు ముందు, తిట్టడు, తిడితే బావుణ్ణు, నవ్వుతాడు, మా ఆవిడ తుపాకికి పసుపు కూరి పెట్టిందిరా అని మందు పార్టీల్లో చెప్పి చెప్పి నవ్విస్తాడు, మరుక్షణం కడిగించి మళ్లీ పేలుస్తాడు, వంతెన వెనక్కి వెళ్లిపోయింది, ఆ రైసుమిల్లు దాటాక.

మొన్న వానాకాలంలో ఒక ఆదివారం ఆమె కోడివేపుడు పళ్లెం పట్టుకుని చెరువు దగ్గరి పాక గుమ్మంలో నిలబడింది, సత్తయ్య రేకుడబ్బా కొట్టుకుంటూ గట్టు మీద పరుగెడుతున్నాడు, పక్షులు లేస్తున్నాయి, ఈయన ఇటు నుంచి పేల్చాడు, సత్తయ్య కాళ్ల పక్కన నీళ్లు చిటపటమని లేచాయి, నూనె మూకుట్లో ఆవాలు పడ్డట్టు, సత్తయ్య నవ్వుతూ వచ్చాడు, తప్పిపోయింది బాబుగారూ, నేను కాకిని కాను గదా అన్నాడు, అప్పుడందరూ నవ్వారు, వాడి మెడలోని తువ్వాలు మాత్రం చాలాసేపు వణికింది, ఈయన వాడి భుజం తట్టి వేపుడు తినిపించాడు, చెడ్డవాడు కాదు, ఎప్పుడూ కాదు, బొమ్మ చేతికొస్తే ఎదురుగా ఏముందో చూడడు, అంతే, ఆ రాత్రి ఇక ఆ తుపాకి వద్దండీ అంది, విన్నాడా, అప్పటికే గురక, కన్నూ వేళ్లూ దక్కలేదట, కన్ను లేకపోతే బండి నడపలేడు, ధర్మారావు రావడం తగ్గిస్తాడు, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, అన్నం కలిపి పెడితే తింటాడు, ఆమె ఏదైనా చెప్తే వింటాడు, ఛీ, ఛీ, ఏమిటీ పాడు ఆలోచన, మెళ్లో పుస్తెలు తీసి కళ్లకద్దుకుంది, వాటి తాడుకీ పొద్దున అదే పసుపు రాసింది, రైసుమిల్లు ఎప్పుడు వెనకబడిందో చూసుకోలేదు, జిప్సీ చెరువుల దారిలోకి తిరిగింది.

సత్తయ్య కర్రగేటు తీసి నిలబడ్డాడు, కొత్త లుంగీ, నుదుట బొట్టు, అమ్మగారూ జాగ్రత్త అడుసుగా ఉంది అన్నాడు, ఆమె చక్రాల కింద నిమ్మకాయలు సర్దింది, నాలుగూ చితికాయి, గుమ్మడికాయ పగిలింది, హారతి ఇస్తుంటే కర్పూరానికి వేలు కాలినా తెలియలేదు, ఇప్పుడు చెప్పు, ఆయన తుపాకి అందుకున్నాడు, ఇప్పుడు, దండ తీసి సత్తయ్య చేతికిచ్చాడు, గొంతులో ఎవరో ఉండ కూరినట్టుంది, చెరువు మీద నీటికాకులు రెక్కలారబెట్టుకుంటున్నాయి, ఆయన తుపాకి భుజానికెత్తాడు, ఆమె కళ్లు మూసుకుంది, పెదవులు కూడా మూసుకుంది, ఏమీ వినబడలేదు, కళ్లు తెరిస్తే ఆయన తుపాకి దించి సత్తయ్య వైపు చూస్తున్నాడు, ఆ రోజు నిన్ను హడలగొట్టాను గదరా, ఇంద, ఈ పండక్కి మొదటి దెబ్బ నీదే అన్నాడు, ఎంతో ప్రేమగా అన్నాడు, నాకెందుకు బాబుగారూ నాకు చేతకాదు అని సత్తయ్య వెనక్కి జరిగాడు, ఎన్నాళ్లు డబ్బా కొట్టుకుంటావోయ్, ఒక్కసారి దొరలా తోలు అని ధర్మారావు వెనక నుంచి ముందుకి తోశాడు, సత్తయ్య సిగ్గుపడుతూనే చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు, తుపాకిని కళ్లకద్దుకున్నాడు, పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తి, చెంప ఆనించి, ఒక కన్ను మూశాడు.

ఆగు సత్తయ్యా, పేల్చకు, అందులో నేను పసుపు కూరాను, అంది అనసూయ, వాకిట్లోంచి పాలవాణ్ణి కేకేసినట్టు, గట్టిగా, తడబడకుండా.

గోవర్ధనరావు తుపాకి లాక్కుని మధ్యలో మడిచి తెరిచాడు, తూటాలు తీశాడు, గొట్టాలు ఆకాశానికి ఎత్తి ఒక కన్నుతో చూశాడు, అంత వెలుగున్న ఆకాశం అందులోంచి కనపడలేదు, ధర్మారావు మొహంలో నవ్వు ఆరిపోయింది, సత్తయ్య గట్టు మీద కూలబడ్డాడు, ఎప్పుడు పెట్టావు అన్నాడు ఆయన, పొద్దున అంది ఆమె, వీడు దార్లో అరటిపువ్వు సంగతి చెప్పాడు, విన్నావా, విన్నాను, ఇందాక నేను భుజానికెత్తాను, చూశావా, ఆమె తల ఊపింది, అరుస్తాడనుకుంది, నవ్వుతాడనుకుంది, ఆయన ఏదీ చెయ్యలేదు, తన ఎడం చేతి వేళ్లు తెరిచి మూసి తెరిచి చూసుకున్నాడు, తర్వాత ఆమెని చూశాడు, ఎదురుగా ఏముందో మొదటిసారి చూస్తున్నవాడిలా, ఆ చూపుకి జవాబు వెతుక్కుంటూ, భయమేసిందండీ, నోరు రాలేదండీ అనబోయి అనసూయ ఆగిపోయింది, ఎందుకంటే దారంతా వెతికినా దొరకని గొంతు సత్తయ్య కోసం వెతక్కుండానే వచ్చింది, అంటే వంతెన దగ్గరా అది ఉంది, రైసుమిల్లు దగ్గరా ఉంది, ఆయన భుజానికెత్తినప్పుడూ తన దగ్గరే ఉంది, దాన్ని ఏ భయమూ పట్టి ఆపలేదు, ఆపింది తనే.

కొల్లూరి సామ్రాజ్యం, వయసు అరవై ఏడు, ప్రస్తుతం దివిసీమలో నాగాయలంకలో మా చెల్లెలి ఇంట్లో ఉంటున్నాను.