మార్గశిర గురువారం డబ్బా

ఏడో డబ్బాను ఐసుపెట్టెలో దించి, మూత బిగించి, తెల్ల కోటు వేసుకున్న కాసమ్మ నడుం పట్టుకుని లేచింది. మనిషి పొట్టి. ఎండు చేపల గంపలు మోసి మోసి మెడ భుజాల్లోకి దిగిపోయింది. గంజాం తీరంలోని ఆ జాలరిపేటలో పిల్లలు ఆమెను పెంటకాసమ్మ అంటారు. అననీ. ఇంటింటా పిల్లల మలం డబ్బాలు పోగుచేసే మనిషిని మల్లెపువ్వు కాసమ్మ అని ఎవరు పిలుస్తారు?

ఒక మందుకు బదులు రెండు మందులు కలిపి ఇస్తే పిల్లల కడుపులో పురుగులు బాగా పోతాయా అని బరంపురం డాక్టర్లు పరీక్షిస్తున్నారు. మాత్రలు వేసిన మూడు వారాలకు మళ్లీ మలం చూస్తారు. పురుగులు మిగిలితే ఇంకో విడత మందు. ఏడాదిగా కాసమ్మ చేతిలో ఒక్క డబ్బా తప్పలేదని పేరు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం.

ఆ పేరే కొంప ముంచింది. జగ్గమ్మ కూతురు సస్మిత వంతు మార్గశిర గురువారం నాడు పడింది. గుమ్మంలో బియ్యప్పిండి ముగ్గులు. లక్ష్మీదేవి వచ్చే రోజు ఇంట్లోంచి ఏదీ బయటికి ఇవ్వరు, ఆఖరికి అది కూడా. కాసమ్మ బతిమాలలేదు, పైవాళ్లకు చెప్పలేదు. అంగన్‌వాడీలో పురుగుల మందు తిన్న తన మనవరాలిది తీసి, సస్మిత పేరున్న డబ్బాలో పెట్టేసింది. పురుగుల్లేవని కాగితం వచ్చింది.

ఇవాళ జగ్గమ్మ ఇంటిమీదుగా పోతుంటే, ఆరేళ్ల సస్మిత అరుగు మీద కడుపు పట్టుకుని ముడుచుకుని ఉంది. పెదాలు పాలిపోయాయి.

"కాసమ్మప్పా, కొందరు పిల్లలకి మల్లీ మందిస్తన్నారట. మా పిల్లకి ఇవ్వరేటి?" అంది జగ్గమ్మ. "పురుగుల్లేవంటే మరి ఈ నొప్పేటి?"

కాసమ్మ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. పెట్టె దించింది.

"ఆ కాయితం నీ పిల్లది కాదే. గురువారం నువ్వు ఇవ్వనేదని నా మనవరాలిది ఎట్టీసినాను."

జగ్గమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది.

"సుక్రవారం అడిగితే ఇచ్చీదాన్ని కదప్పా," అంది పిల్లను ఒళ్లోకి లాక్కుంటూ.

మధ్యాహ్నం బరంపురం బండి వచ్చింది. పర్యవేక్షణ చూసే మాధవికి కాసమ్మ మళ్లీ మొదట్నుంచీ చెప్పింది. తలెత్తలేదు.

"రెండ్రోజులు ఆలస్యమైనా తీసుకునేవాళ్లం కాసమ్మా! ఒక్కసారి అడగకపోయావా?"

"అడిగితే పేరు పోద్దనుకున్నానమ్మా."

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

"నేదమ్మా. ఒక్కటే."

మాధవి ఆమె ముఖంలోకి చూసింది. నమ్మాలనే ఉంది పాపం, కానీ నమ్మలేకపోయింది. ఆ చూపుకు కాసమ్మ కుంచించుకుపోయింది. నిజంగా ఇంటింటా అడిగి తెచ్చిన డబ్బాలన్నీ ఆ ఒక్కదానితో పాటు అబద్ధమైపోయాయి.

"సస్మితకు రేపే పరీక్ష చేయించి మందిప్పిస్తాను. నువ్వు మాత్రం రేపట్నుంచి రావద్దు."

కాసమ్మ తలూపింది. రేపు జగ్గమ్మకు ఎదురుపడే ధైర్యం లేదు. సాయంత్రం బస్సుకు, ఖల్లికోటలో ఉన్న చెల్లెలింటికి వెళ్లిపోయింది. ఎవరికీ చెప్పలేదు.

పేటలో డబ్బాలు భద్రపరిచే గది తలుపు గడియకు, వెళ్లేముందు ఆమె ఉతికి పిండిన తెల్ల కోటు వేలాడుతోంది. జేబు మీద ఎర్రదారంతో తనే కుట్టుకున్న 'కాసమ్మ' అక్షరాల మీదుగా నీళ్లు ఇంకా కారుతున్నాయి.