గాజు ముక్కల తెర

శంషాబాద్‌లో మా హాస్టల్ కింద ఎరువుల గోదాము, పైన మేము. బెంగళూరు రోడ్డు మీద లారీ పోయిన ప్రతిసారీ కిటికీ రెక్కలు వణికేవి, గోడ సున్నం రాలి కంచాల్లో పడేది. అలాంటి గదులకి కూడా తొంభై నాలుగులో మా వార్డెన్ రేణుకమ్మగారు అలంకరణ పోటీ పెట్టింది. కొన్న వస్తువేదీ పెట్టకూడదు, అన్నీ చేత్తో చేసినవే ఉండాలి. గెలిచిన గదికి కొత్త ఫ్యాను. ఆ ఫ్యాను కోసం మా ఆడపిల్లలు పోగుచేసిన చెత్త ఇంతా అంతా కాదు.

నాతో గదిలో ఉండే ఎవాంజెలిన్ ఇందులో అందరికంటే ముందు. మహేశ్వరంలో కాంపౌండరు మార్కుగారి కూతురు. దానికి నోరు ఎక్కువ, చేతులు ఇంకా ఎక్కువ, క్షణం ఊరికే ఉండవు. పాత లగ్నపత్రికలు కత్తిరించి పూలు చేసింది. పాన్‌డబ్బా వాణ్ణి బతిమాలి సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితం తెచ్చి నక్షత్రాలు చేసింది. అయితే దాని ప్రాణమంతా గాజు ముక్కల తెర మీదే. పగిలిన చేతిగాజు ముక్కని కొవ్వొత్తి మంట మీద పట్టుకుంటే మెల్లగా మెత్తబడి వంగుతుంది. రెండు కొసలూ కలిపితే చిన్న రింగు అవుతుంది. అందులో ఇంకో ముక్క దూర్చి మళ్లీ వంచాలి. అలా గొలుసులు చేసి గుమ్మానికి వేలాడదీయాలని దాని ఆశ. ఇంటికి పోయిన ప్రతి పిల్లా తిరిగొచ్చేటప్పుడు పగిలిన గాజులు మూటకట్టి తేవాలని హుకుం జారీచేసింది. అందరూ తెచ్చారు.

నేనూ ఒక మూట తెచ్చాను. దానికోసం కాదు.

అంతకుముందు కార్తీకంలో మా బాపు మొగులయ్య కామెర్లతో పోయాడు. షాద్‌నగర్ దవాఖానకి తీసుకుపోయేసరికే ఆలస్యమైంది. పదోరోజు బావి దగ్గర మా అమ్మ చంద్రమ్మని కూర్చోబెట్టి, నుదుటిన ఇంత బొట్టు పెట్టి, తలనిండా పూలు పెట్టి, తర్వాత అన్నీ తీసేశారు. సింగారించి మరీ లాక్కోవడం ఏం మర్యాదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. బాపు జాతరలో కొనిచ్చిన పచ్చ గాజులు, బంగారు చుక్కలవి, ఆమె చేతులకే ఉన్నాయి. వాటిని రాయికి కొట్టి పగలగొట్టారు.

ఆ ముక్కలు అక్కడే వదిలేయాలి, వెనక్కి చూడకుండా రావాలి. నేను చూశాను. అందరూ కదిలాక వంగి, దొరికినన్ని ఏరి చేతిరుమాల్లో కట్టుకున్నాను. ఇంట్లో పెడితే మేనత్త నన్ను బతకనివ్వదు. అందుకే హాస్టల్‌కి తెచ్చి ట్రంకుపెట్టె అడుగున దాచాను. మాకు బాపు ఫోటో ఒక్కటి కూడా లేదు. ఆయనవి అంటూ నాకు మిగిలినవి ఆ ముక్కలే. అమ్మకి మాత్రం ఈ సంగతి ఎన్నటికీ తెలియకూడదనుకున్నాను. తెలిస్తే ఆ పదోరోజుని తెచ్చి మళ్లీ ఆమె కళ్లముందు పెట్టినట్టే. హాస్టల్లోనూ ఎవరికీ చెప్పలేదు. చెబితే సగం మంది మా గడప తొక్కరు.

పోటీ ఆదివారం పెట్టారు. ఆ పొద్దున రేణుకమ్మగారు నన్ను కూరగాయలు తరగడానికి వంటగదిలోకి పిలిచింది. మధ్యాహ్నం పైకి వచ్చేసరికి మా గుమ్మానికి తెర వేలాడుతోంది. అటూ ఇటూ ఎర్రవీ నీలివీ. నడుమ పచ్చవి, బంగారు చుక్కలతో.

"ఎట్లుందే?" అంది ఎవాంజెలిన్ ఎగిరి గంతేస్తూ. "పచ్చరంగు తక్కువైందని పొద్దున్నుంచి పరేషాన్ అయిన. గింత మంచి ముక్కలు పెట్టెల పెట్టుకొని నాకెందుకు చెప్పలే నువ్వు?"

నా తాళంచెవి ఎక్కడుంటుందో దానికి తెలుసు. దాని సబ్బు అయిపోతే నాదే తీసుకుంటుంది.

"ఎవర్నడిగి తీసినవ్?" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "గవి మా అమ్మ గాజులు. బాపు పోయినప్పుడు పగలగొట్టినయ్."

దాని మొహం పాలిపోయింది. వాళ్లింట్లో ఆ పద్ధతి లేదు. పగిలిన గాజంటే దానికి పగిలిన గాజే, ఇంకేమీ కాదు.

"నాకు తెల్వదే... ఒట్టు, తెల్వదు." వెంటనే స్టూలెక్కి ముడులు విప్పడం మొదలుపెట్టింది. దాని వేళ్లనిండా కాలిన బొబ్బలు. అవి చూసి కూడా నా కోపం దిగలేదు. ఆ చేతులు విరిగిపోతే బాగుండనిపించింది, అబద్ధమెందుకు.

ఒక్క ముడి కూడా రాలేదు, కింద నుంచి ఎవరో అరిచారు. "ప్రియదర్శినీ, మీ అమ్మొచ్చింది!"

మూడునెలలు ఆమెని ఇల్లు కదలనివ్వలేదు. కదలనిచ్చిన మొదటిసారే నన్ను చూడ్డానికి బస్సెక్కి వచ్చేసింది. నేను ఎదురు పరిగెత్తేలోపే మెట్లెక్కి వరండాలోకి వచ్చింది. ఒక చేతిలో సజ్జరొట్టెల మూట. ఆ బోసి చేతులు చూడలేక తల తిప్పుకున్నాను.

తిప్పుకుని చూస్తే అమ్మ తెరనే చూస్తోంది. గుర్తుపట్టడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఏరుకొచ్చినవా, బిడ్డా?"

తలూపాను.

"ఎందుకు?"

"మరి బాపుయి ఏమున్నయ్ అమ్మా, మనకు?"

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. మూట నా చేతికిచ్చి వరండాలోనే గోడకి ఆనుకుని కూలబడింది. "నేను ఈడనే కూసుంట. మీరు తినుండ్రి." పగలగొట్టి వదిలేసిన ఆ గాజుల కింది నుంచి తను లోపలికి రాకూడదని ఆమె లెక్క. నా గదికి మా అమ్మ రాలేని గుమ్మం కట్టాం మేము.

ఎవాంజెలిన్ స్టూలు దిగి ఆమె ముందు కూర్చుంది. ఏడుస్తోంది. "అమ్మా, నేనే చేసిన. తెల్వక చేసిన. నన్ను తిట్టుండ్రి, గని లోపలికి రాండ్రి."

అమ్మ దాని చేయి పట్టుకుని తిప్పి చూసింది. "గిట్ల కాల్చుకున్నవేంది, పిల్లా? వెన్నపూస రాయలే?" అంది. ఆ చెయ్యి పట్టుకునే లేచింది. గడప దగ్గర కాసేపు నిలబడి, కొంగు భుజం మీదికి లాక్కుని, తల వంచి లోపలికి అడుగేసింది.

పచ్చ గొలుసులు ఆమె భుజానికి తగిలి గలగలమన్నాయి.

అమ్మ టక్కున ఆగిపోయింది. ఎడమచెయ్యి గబుక్కున వచ్చి కుడి మణికట్టుని బిగించి పట్టుకుంది, గాజులు చప్పుడు కాకుండా పట్టుకున్నట్టు.

"మీ బాపు లేస్తడని..." అంది నాతో. మణికట్టు వంక చూసుకుంది. చెయ్యి మాత్రం వదలలేదు.

నేను ఆమెని వాటేసుకుని బావురుమన్నాను. ఎవాంజెలిన్ గడపలోనే నిలబడి, ఆ తెర కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది.